నూనె మామయ్య మీద ఓటింగు

రూల్స్ రాసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే జరిగినదంతా విన్నాక ఎవరో పనీపాటా లేని పెద్దమనిషి రాసి ఉంటాడని మీరు అనుకునే ప్రమాదం ఉంది. నాకు బోలెడు పని. రెండు మిషన్ల టైలరింగ్ షాపు నాది. ఒకదాని మీద నేను కుడతాను, రెండోదాని మీద మా ఆడపడుచు. స్కూలు యూనిఫారాలు, ప్యాంట్ల పొడవు తగ్గించడాలు, జిప్పులు మార్చడాలు, కర్టెన్లు. మధ్యలో చేతులు ఖాళీ అయినప్పుడల్లా ఫోనులో రెండు వందల పన్నెండు మందిని పరిపాలించేదాన్ని.

ఆ గ్రూపు ఏడుగురితో మొదలైంది. అందరం దర్జీ పనివాళ్ళమే. ఎవరి మిషను మొరాయిస్తే వాళ్ళు అడిగేవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పేవాళ్ళు. వందమంది దాటేసరికి అది గ్రూపులా కాక బస్టాండులా తయారైంది. పొద్దున్న లేస్తే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు, ఎవరి మనవడికో పళ్ళొచ్చాయని ఫొటోలు. వీటన్నిటి మీదా మా ఆడపడుచు కర్టెన్ గుడ్డ అమ్ముతానని ప్రకటన. అడ్మిన్ గారి సొంతమనిషికి అడ్డేముంది అని ఎవరో దెప్పారు. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఆవిడతో నేరుగా ఏం అనగలను? అందుకని ఒక ఆదివారం కూచుని తొమ్మిది రూల్స్ రాసి గ్రూపు నెత్తిన పెట్టాను.

"ఫ్రిజ్ మీద నువ్వంటించిన రూల్సే మాకింకా వంటబట్టలేదు. వాళ్ళేం పాపం చేశారే?" అన్నారు మా ఆయన.

తొమ్మిదిలో మూడు తెలిస్తే చాలు మీకు. నాలుగో రూలు: వాయిస్ మెసేజులు పెట్టకూడదు, ఏదైనా రాయాల్సిందే. మిషన్ల మోతలో వాయిస్ వినపడదు, వినపడాలని గట్టిగా పెడితే ఇంకా ప్రమాదం. ఒకరు తమ కస్టమరు నడుము గురించి చేసిన వ్యాఖ్య ఇంకో ఊళ్ళో, ఇంకో షాపులో, సరిగ్గా ఆ కస్టమరు వదినగారి ముందే మోగింది. ఏడో రూలు: మూడు హెచ్చరికలు పడినవాళ్ళను తీసేయాలా వద్దా అని రెండు రోజులు ఓటింగు జరుగుతుంది. పలకనివాళ్ళ ఓటు 'తీసేయాలి' కిందే లెక్క. మొదటిసారి ఓటింగు పెడితే పదకొండు మంది పలికారు, మిగతావాళ్ళ దగ్గర చెవిటివాడి ముందు శంఖమే. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు కదా, మిగతా సగం నేను కలిపేశాను. తొమ్మిదో రూలు: ఎవరికైనా మినహాయింపు ఇవ్వాలంటే కారణం గ్రూపులో అందరికీ కనబడేలా రాయాలి. ఆ ప్రకటన గొడవ తర్వాత నా నిజాయితీ మీద ఎవరూ వేలు పెట్టకూడదని ఇది రాశాను. రాసినప్పుడు ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఇక నూనె మామయ్య. ఆయన నలభై ఏళ్ళు ఒక బట్టల ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఫ్యాక్టరీ మూతబడ్డాక మేనల్లుడి తాళాల షాపులో, వెనకవైపు ఒక బెంచీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరు ఏ సమస్య చెప్పినా "నూనె వేశావా?" అనేది ఆయన మొదటి ప్రశ్న, ఆ పేరు అలా వచ్చింది. ఆయన అసలు విద్య చెవుల్లో ఉంది. "ఫోను మిషను పక్కన పెట్టి ఒకసారి తొక్కమ్మా" అనేవాడు. నాలుగు కుట్లు పడేలోపల రోగం చెప్పేవాడు. ఫీజూ లేదు, విసుగూ లేదు. రోజుకి ఏడెనిమిది ప్రశ్నలొచ్చేవి, ఆయన ఒక్కటీ వదిలేవాడు కాదు.

ఎనిమిది నెలల కిందట ఆయన రాయడం మానేసి వాయిస్ పెట్టడం మొదలుపెట్టాడు. మొదటి హెచ్చరిక నేనే ఇచ్చాను. కొన్నాళ్ళు ఆగి, చెబితే ఫోనే రాసిపెట్టే సౌకర్యం వాడాడు. "షటిల్ విప్పి తుడువు" అంటే ఫోను "షర్టులు విప్పి తుడువు" అని రాసింది. గ్రూపంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను. మర్నాటి నుంచి మళ్ళీ వాయిసే. రెండో హెచ్చరిక. గురువారం పొద్దున్న మూడోది.

మూడోది ఇచ్చింది కాజాల బాబాయి, హెచ్చరిక ఎవరైనా ఇవ్వొచ్చు. కోట్లకీ చొక్కాలకీ కాజాలు కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు, రూల్స్ పట్టుకోవడంలోనూ లేడు. ఆయన్నెందుకు తప్పుపట్టాలి? ఒకసారి వేల్లో సూది దిగి కట్టు కట్టించుకున్నప్పుడు వాయిస్ పెడితే నేనే హెచ్చరిక ఇచ్చాను. కిక్కురుమనకుండా రెండు వారాలు ఎడంచేత్తో టైపు చేశాడు. ఇప్పుడు పదకొండింటికి ఇలా రాశాడు: "అడ్మిన్ గారూ, ఏడో రూలు ప్రకారం ఓటింగు మొదలైంది. శనివారం పదకొండింటికి ముగుస్తుంది. చిన్నకీ పెద్దకీ రూలొకటే అని మీరే అన్నారు."

లెక్క వేసుకున్నాను. ఆపాలంటే సగం మందికి పైన, అంటే నూట ఏడుగురు, 'వద్దు' అని రాయాలి. గ్రూపులో సగం మంది మెసేజులు చూడరు, మోత పడలేక ఎప్పుడో మ్యూట్ చేసుకున్నారు. పలకనివాళ్ళే ఆయన్ని బయటికి గెంటేస్తారు, తాము గెంటినట్టు కూడా వాళ్ళకు తెలియదు.

మామయ్యకు ఫోన్ చేస్తే "వింటున్నాలే అమ్మాయ్, కానివ్వు" అని పెట్టేశాడు. కోపమొచ్చింది. అంత మొండితనమెందుకు, నాలుగు ముక్కలు రాస్తే ఏం పోయింది అనుకుని, సగం కుట్టిన ప్యాంటు ఆడపడుచు ఒళ్ళో పడేసి ఆయన షాపుకు వెళ్ళాను.

ముందు మేనల్లుడు తాళం చెవి అరగదీస్తున్నాడు. వెనక బెంచీ మీద మామయ్య ఒక కుట్టుమిషను బాబిన్ కేసు విప్పి చిన్న మర బిగిస్తున్నాడు. మరను వేలికొసతో తడిమి, కింది పెదవికి తాకించి మొనెటువైపో చూసుకుని, గుంటలోకి దించాడు. చూపు మాత్రం గోడ మీద ఉంది. పక్కన ఫోనులో ఒక ఆడగొంతు తగ్గు స్వరంతో గ్రూపు మెసేజులు చదువుతోంది: "కాజాల బాబాయి. ఓటింగు మొదలైంది."

నేను నిలబడిపోయాను. ఆయన నా వైపు కాక, నాకు కొంచెం పక్కకి చూశాడు.

"ఎవరమ్మా?"

"నేనే మామయ్యా."

"ఓ, రూలమ్మా! కూచో." నవ్వాడు. ఆ నవ్వు వెంటనే తగ్గిపోయింది. "చూసేశావా?"

"ఎప్పట్నుంచి?"

"ఏడాది పైనే అయ్యింది. నడిమధ్యలో పెద్ద మచ్చ. పక్కల్లో కాస్త కనబడుతుందిలే, నీ భుజం తెలుస్తోంది. డాక్టరు చూపు ఇక రాదనేశాడు." గొంతు ఇంకా తగ్గించాడు. "మేనల్లుడికి తెలీదు. ఈ బెంచీ తీసేసి పెయింటు డబ్బాలు పెట్టుకుందామని వాడు ఎప్పట్నుంచో చూస్తున్నాడు."

నాకు ఏడుపొచ్చింది. నేనిచ్చిన హెచ్చరికలు ఆ ఆడగొంతు ఆయనకి ఎలా చదివి వినిపించి ఉంటుందో అనిపించింది.

"గ్రూపులో చెప్పేద్దాం మామయ్యా. ఒక్క ముక్క రాస్తే చాలు, మినహాయింపు వచ్చేస్తుంది."

"వద్దు."

"ఎందుకొద్దు? ఇందులో తప్పేముంది?"

"తప్పని కాదే పిచ్చిదానా. కళ్ళు లేని మెకానిక్కుని ఎవరు అడుగుతారు? నా చెవులతోనే చెప్తానని నీకు తెలుసు, నాకు తెలుసు. జనానికి తెలియాలంటే ముందు అడగాలి కదా. అడగరు. జాలిపడతారు." మర బిగించడం అయిపోయింది, బాబిన్ కేసును చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. "పొద్దున లేవగానే ఎవరి మిషనేమైందో అని ఫోను తీస్తాను. అది ఒక్కటే ఉందమ్మా నాకు. తీసేస్తే తీసేశారు, మొండివాడనుకుంటారు. మొండివాడికి ఫోన్ చేసి అడుగుతారు. గుడ్డివాడికి చెయ్యరు. ఎవరికీ చెప్పనని మాటియ్యి."

ఇచ్చాను. ఇంకేం చెయ్యను?

ఆ సాయంత్రం నుంచి నాది కాలుగాలిన పిల్లి బతుకు. అడ్మిన్‌ని కాబట్టి ఓటింగు నేనే రద్దు చేయొచ్చు, ఒక్క మీట నొక్కితే పోతుంది. రెండుసార్లు వేలు అక్కడిదాకా వెళ్ళింది. కానీ కంచే చేను మేస్తే ఇక చేనెవరిది? ఆ ఎడంచేత్తో టైపు చేసిన మనిషి ముఖం నేనెలా చూడను?

అందుకని ఫోన్లు మొదలుపెట్టాను. శుక్రవారమంతా చెవికి ఫోను, కాలికి పెడలు.

"ఓటింగా? ఏ ఓటింగక్కా? నాది మ్యూట్‌లో ఉంది."

"నూనె మామయ్యనా? అయ్యో, మంచాయనే. కానీ రాయొచ్చు కదండీ, ఆ రాసేదేదో. అందరం రాస్తున్నాంగా."

"కారణం చెప్పండి, వేస్తాను. మీ ఆడపడుచు విషయంలో కూడా ఇలాగే కారణం లేకుండా..."

ఈ చివరిమాట అన్నావిడ మంచి పనిమంతురాలు, అబద్ధం కూడా ఆడలేదు, అయినా ఆవిడంటే ఇప్పటికీ నాకు కిట్టదు. మా ఆయన అన్నం కంచం తెచ్చి మిషను మీదే పెట్టారు, గుడ్డ మీద కూర ఒలికింది, ఆయన్నే కసిరాను. సాయంత్రానికి ఇరవై ఆరు 'వద్దు'లు వచ్చాయి. ఆ రాత్రి నేను కళ్ళు మూసుకున్నా అంకెలే కనిపించాయి.

శనివారం తొమ్మిదింటికి ముప్పై ఎనిమిది. పదింటికి నలభై ఒకటి. పదీ పదికి కూడా నలభై ఒకటే. ఒక కాలరు కుట్టి, తిరగేసి కుట్టానని చూసుకుని, విప్పాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మాట నిలబెట్టుకుంటే పదకొండు గంటలకు ఆయన్ని తీసేసే మీట నా వేలితోనే నొక్కాలి. అడ్మిన్ నేనే కదా.

"వదినా, నీ ముఖం చూస్తుంటే భయమేస్తోంది. ఏదైతే అదవుతుంది, ఫోను ఇటియ్యి" అంది ఆడపడుచు.

ఇవ్వలేదు. పదీ ఇరవైకి రాశాను: "తొమ్మిదో రూలు ప్రకారం కారణం చెబుతున్నాను. మామయ్య గారికి చూపు పోయింది. ఆయన రాయలేరు. దయచేసి వద్దనండి."

పంపాక మొదటి క్షణం హాయిగా అనిపించింది. అది ఒప్పుకోవాలి. పంటిలో ఇరుక్కున్న ముక్క ఊడి వచ్చినట్టు అనిపించింది.

తర్వాత వరద మొదలైంది. వద్దు, వద్దు, వద్దు. మ్యూట్‌లో ఉన్నవాళ్ళను పక్కవాళ్ళు ఫోన్ చేసి లేపారట. పదీ నలభైకి నూట ఏడు దాటింది, పదకొండుకు నూట అరవై మూడు. "అయ్యో మామయ్యా", "మాకు తెలీదు మామయ్యా", "క్షమించండి". చేతులు జోడించిన బొమ్మలు, గుండె బొమ్మలు, పువ్వులు. పువ్వులు రెండో రూలుకు విరుద్ధం, ఎవరూ పట్టించుకోలేదు. కాజాల బాబాయి అయితే "నేను మనిషినేనా" అని రాసి నాకు ఫోన్ చేసి నిజంగా ఏడ్చాడు. ఇక నుంచి మామయ్యకు నాలుగో రూలు వర్తించదని నేను ప్రకటించాను. ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిన్నది నేనే.

మామయ్య ఒక వాయిస్ పెట్టాడు, నాలుగు సెకన్లు. "అందరికీ థాంక్స్ అమ్మా."

భయపడుతూనే ఫోన్ చేశాను.

"కోపమొచ్చిందా మామయ్యా?"

"చేసేశావు కదమ్మా. ఇంకా కోపమెందుకు?" మళ్ళీ తనే, "అంత మంది పలికారంటే నమ్మబుద్ధి కాలేదు. ఫోను గంటసేపు చదువుతూనే ఉంది. మేనల్లుడు కూడా విన్నాడు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు! టీ తెచ్చిచ్చాడు. ఎప్పుడూ తేనివాడు."

దాన్ని నేను మంచి వార్త కిందే లెక్కేసుకున్నాను.

ఆదివారం పొద్దున్న కాజాల బాబాయి ఫోన్ చేశాడు. ఆయన గొంతులో ఇంకా తడి ఉంది. "అడ్మిన్ గారూ, నాకో ఆలోచన వచ్చింది. పెద్దాయన ఆ స్థితిలో కూడా రోజంతా మన రిపేర్లకు సమాధానాలు చెప్తున్నాడు. మనం మనుషులమా, రాక్షసులమా? ఆయనకి శ్రమ ఇవ్వకూడదు. ప్రశ్నలకి వేరే చిన్న గ్రూపు పెడతాను. ఈ గ్రూపు పలకరింపులకి ఉంచుదాం, పెద్దాయనకి కాలక్షేపం. కొత్తదానికి రూల్స్ మాత్రం మీరే రాయాలి, మీ అంత పద్ధతిగా ఎవరూ రాయలేరు."

ఆ చివరి మాటకి నేను పడిపోయాను. రూల్స్ నాలుగంటే నాలుగే రాశాను, ఈసారి ఎవరికీ అన్యాయం జరగకుండా. ఓటింగు తీసేశాను. మౌనం అంటే మౌనమే అని రాశాను. వాయిస్ పెట్టొచ్చని కూడా రాశాను! ఎంత మంచి రూల్సని బాబాయి పొగిడాడు. కొత్త గ్రూపులో సోమవారానికి నూట ఎనభై మంది చేరారు. మామయ్యను ఎవరూ చేర్చలేదు, ఆయన కోసమే కదా పెట్టింది.

ఒకటి రెండుసార్లు నాకు మనసులో ఏదో గుచ్చుకుంది. ఎవరో ఒకరు ఆయనకి ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారులే అనుకున్నాను. నూట ఎనభై మందీ అదే అనుకున్నారని ఇప్పుడు తెలుసు. పాత గ్రూపులో పొద్దున్నే "శుభోదయం మామయ్యా", రాత్రి "జాగ్రత్త మామయ్యా" తప్ప ఏమీ లేవు.

బుధవారం మధ్యాహ్నం నేను ప్యాంటు నడుం పట్టీకి గుర్తులు పెట్టుకుంటుంటే ఫోను మోగింది. నూనె మామయ్య. నా మిషను మీద ఆడపడుచు యూనిఫారం గౌను అంచు కుడుతోంది. ఆవిడ మిషను మీద కర్టెన్ పరిచి ఉంది.

"అమ్మాయ్, పనిలో ఉన్నావా? ఒక్క నిమిషం. నా ఫోనేమైనా చెడిందేమో చూసి పెడతావా?"

"ఏమైంది మామయ్యా?"

"మెసేజులు సగమే వస్తున్నట్టున్నాయి. పలకరింపులన్నీ వస్తున్నాయి. ప్రశ్నలు రావట్లేదు. శనివారం నుంచి ఒక్కటి కూడా లేదు. ఏదైనా మీట తప్పు నొక్కానేమోనని మేనల్లుడికి చూపిస్తే, బాగానే ఉంది అంటాడు. వాడికి సరిగ్గా తెలీదు."

నిజం చెప్పి ఉండాల్సింది. కొత్త గ్రూపని రెండు ముక్కలు చెప్పి, ఆ క్షణమే ఆయన్ని చేర్చి ఉండాల్సింది. కానీ దాని రూల్స్ రాసింది నేనే కదా. ఆ మాట ఏ నోటితో చెప్పను?

"ఫోను బాగానే ఉంటుంది మామయ్యా. ఈ నాలుగు రోజులూ ఎవరికీ ఇబ్బంది రాలేదేమో. అందరి మిషన్లూ బాగానే తిరుగుతున్నట్టున్నాయి."

ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను, కానీ ఊపిరి వినిపిస్తోంది. ఆడపడుచు వంచిన తల ఎత్తకుండా కుడుతూనే ఉంది. చేత్తో ఆపమని సైగ చేశాను, ఆవిడ చూడలేదు.

"అది నీ మిషనేనా అమ్మా?" అన్నాడు.

"ఆఁ... నాదే."

"కుట్టు తప్పుతోంది. అయిదారు కుట్లకొకటి పోతోంది. ఇవాళా నిన్నా మొదలైంది కాదు అది."

సోమవారం మొదలైంది. సోమవారమే కొత్త గ్రూపులో రాశాను. ఆరుగురు ఆరు రకాలుగా చెప్పారు. సూది మార్చాను, దారం మార్చాను, బిగువు మార్చాను. అదింకా తప్పుతూనే ఉంది.

"ఎవర్నడిగావమ్మా?" అన్నాడు మామయ్య, మెల్లగా.

ఆడపడుచు అప్పటికి తలెత్తి నన్ను చూసి మిషను ఆపింది. షాపులో ఇంకే చప్పుడూ లేదు, నేను మాట్లాడతానని ఆయన అవతల వింటూ ఉన్నాడు.